అమ్మ కంటే కొడుకు పెద్దవాడైన సీను: కాలప్రయాణం సిరీస్ రాసేవాళ్ళకి

పదకొండేళ్ళు డైలీ సీరియళ్ళలో కంటిన్యూటీ చూశాను. నిన్న కుడిచేతికి కట్టిన కట్టు ఇవాళ ఎడమచేతికి పోకుండా చూడటం, వంటింట్లో కట్టుకున్న చీర హాల్లోకి వచ్చేసరికి మారిపోకుండా చూడటం నా పని. ఆ తర్వాత ఎనిమిది ఎపిసోడ్ల వెబ్ సిరీస్ రాయడానికి కూర్చున్నప్పుడు ఆ అలవాటే నన్ను కాపాడింది. కాలప్రయాణం కథలో చీర కంటే ముందు మనిషే మారిపోతాడు. పదకొండేళ్ళ పిల్లాడు, నలభై ఏడేళ్ళ పెద్దమనిషి ఒకే ప్రాణం అని చూసేవాళ్ళు నమ్మకపోతే, మీరు ఎన్ని సంవత్సరాలు తిప్పినా ఉపయోగం లేదు.

నేను పాఠ్యపుస్తకంలా ముందు పెట్టుకున్నది జర్మన్ సిరీస్ ‘డార్క్’. 2017 డిసెంబరు 1న నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైంది, 2020 జూన్ 27న చివరి సీజన్ వచ్చింది. మొత్తం 26 ఎపిసోడ్లు. చూడనివాళ్ళు ముందు చూసి రండి, కింద కథ చెప్పేస్తున్నాను. విండెన్ అనే ఊరు, అణు విద్యుత్ కేంద్రం, అడవిలో ఒక గుహ, ముప్పై మూడేళ్ళకోసారి తిరిగే చక్రం. 1953, 1986, 2019. ఆ మూడు సంవత్సరాలు తెరమీద చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మా గోదావరికి మహా వరదలు వచ్చింది 1953 ఆగస్టులో, 1986 ఆగస్టులో. మా నాయనమ్మ ఊళ్ళో ఏ పెళ్ళి గురించి చెప్పినా, ఏ చావు గురించి చెప్పినా ‘యాభై మూడు వరదకి ముందు’ అనో ‘తర్వాత’ అనో చెప్పేది. నా కథ అక్కడ పుట్టింది. అయితే 2019లో అలాంటి మహా వరద రాలేదు, 2022 జూలైలో వచ్చింది. నా లెక్క పక్కన పెట్టి నది లెక్కకే వెళ్ళాను.

మొదట కాలం గురించి ఒక నియమం రాసుకోండి. రెండు వాక్యాలకి మించొద్దు. నాది ఇది: రేవులో ఏడో మెట్టు మునిగినప్పుడే దారి తెరుచుకుంటుంది. వెళ్ళినవాడు జరిగినదాన్ని మార్చలేడు, జరగడానికి కారణం మాత్రం కాగలడు. గోడమీద అంటించాను, షూటింగ్ అయ్యేదాకా తీయలేదు. అంతకంటే ఈ విషయంమీద టైము ఖర్చుపెట్టకండి. యంత్రం ఎలా పనిచేస్తుందో చెప్పడానికి నెల్లాళ్ళు కూర్చున్న రచయితలు నాకు తెలుసు. మనిషిని గురించి ఆలోచించడానికి వాళ్ళకి ఓపిక మిగల్లేదు.

తర్వాత లాంగ్ నోట్‌బుక్కులు కొనండి. ఒకటి క్యాలెండర్ వరసకి: 1986 ఆగస్టు 14న ఊళ్ళో ఏం జరిగింది, 15న ఏం జరిగింది, అలా. మిగిలినవి మనిషికొకటి. అందులో వయసు వరస రాయాలి. అంటే ఆ మనిషి బతికిన క్రమం. నా కథానాయకుడు సత్తిబాబు 2022లో రేవు దిగి 1986లో తేలతాడు. క్యాలెండర్ వెనక్కి పోయింది గానీ అతని వయసు వరసలో అది మరుసటి రోజే. నిన్న తిన్నది ఇంకా కడుపులో ఉంది, నిన్న తమ్ముడితో పడ్డ గొడవ ఇంకా మనసులో ఉంది. ప్రతి సీనుకీ నాలుగు గళ్ళు గీశాను: ఇప్పటికి ఇతనికి ఏం తెలుసు, ఎవరికి ఏ అబద్ధం చెప్పాడు, ఒంటిమీద ఏముంది, జేబులో ఏముంది. జేబు గడి చిన్నదనుకోకండి. రెండో డ్రాఫ్టులో సత్తిబాబు 1986లో టీ కొట్టుకెళ్ళి జేబులోంచి అయిదొందల నోటు తీశాడు. దేశంలో అయిదొందల నోటు వచ్చిందే 1987లో. ఆ గడి నింపుతున్నప్పుడు పట్టుకున్నాను. పట్టుకున్నాక ఆ నోటు తీసెయ్యలేదు. టీ కొట్టాయన దాన్ని దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, చిత్తుకాగితం అనుకుని, నవ్వి తిరిగిచ్చేస్తాడు. టీ డబ్బులు తీసుకోడు. సత్తిబాబుకి తను ఎంత దూరం వచ్చాడో తెలిసింది ఆ కొట్టు దగ్గరే.

ఒంటిమీది గుర్తు ఎలా వాడాలో ‘డార్క్’లో హెల్గె అనే పాత్ర దగ్గర చూడండి. 1986లో అతని ముఖం, చెవి దెబ్బతిని ఉంటాయి. ఎందుకో చెప్పరు. ఎనిమిదో ఎపిసోడ్‌లో, తప్పిపోయిన కొడుకుని వెతుకుతున్న ఉల్రిక్ అనే పోలీసు 1953కి వెళ్ళి, పిల్లాడిగా ఉన్న హెల్గెని రాయితో కొడతాడు. ఫలితం ముందు, కారణం తర్వాత. మన సీరియళ్ళలో ఇలాంటి గుర్తుని మొదటి రోజే ఫ్లాష్‌బ్యాక్ వేసి చెప్పేస్తాం. కాలప్రయాణం కథలో గుర్తుని చూపించి ఊరుకోవాలి, చూసేవాడు దాన్ని మోసుకుంటూ తిరగాలి.

మనిషి ఒకడే అని తెలియాలంటే అలవాటొక్కటే ఇస్తే చాలదు. ముక్కు గోక్కోవడం, మీసం దువ్వుకోవడం లాంటివి వేషాల గుర్తులు. కోరిక కావాలి. ఉల్రిక్ పాత్రని ముగ్గురు నటులు వేశారు. వయసు మీదపడి, పిచ్చాసుపత్రిలో దశాబ్దాలు గడిపిన ఉల్రిక్ కూడా కొడుకు మిక్కెల్ కోసమే చూస్తుంటాడు. ముఖం కలవకపోయినా ఆ వెతుకులాట కలుస్తుంది. సత్తిబాబుకి నేను ఇచ్చింది రేవు మెట్లు. పదకొండేళ్ళప్పుడు పొద్దున్నే లేచి ఎన్ని మెట్లు మునిగాయో లెక్కపెట్టి వాళ్ళ నాన్నకి చెప్తాడు. ఆ వరదలో నాన్న పోతాడు. నలభై ఏడేళ్ళ సత్తిబాబు రేవుకొస్తే నదికి వీపు పెట్టి నిలబడతాడు, మెట్లవైపు చూడడు. చేసే పని తలకిందులైంది, గాయం అదే. ఎందుకు తలకిందులైందో ఒక్క సీనులో కనబడితే చాలు.

ఇక మన భాషకే ఉన్న చిక్కు ఒకటి చెప్పాలి. ఎదుటివాళ్ళని ఏమని పిలవాలో తేల్చుకోకుండా తెలుగులో నోరు విప్పలేం. నలభై ఏడేళ్ళ సత్తిబాబు 1986లో తన తల్లి మంగ ఇంటి గుమ్మం ముందు నిలబడతాడు. మంగకి ముప్పై. అతను పరాయి మగవాడు, పైగా పెద్దవాడు. ఆమె ‘నువ్వు’ అనదు. ఈ సీను తొమ్మిదిసార్లు రాశాను. మొదట్లో అతను కన్నీళ్ళు పెట్టుకుని రెండు పేజీలు మాట్లాడేవాడు. చివరికి మిగిలింది ఇంత:

“అమ్మా, కాసిని మంచినీళ్ళిస్తావా?”

“అయ్యో, ఎండనపడి వచ్చారా? అరుగుమీద కూర్చోండన్నయ్యగారూ, తెస్తాను.”

పెద్దవాడు తనకంటే చిన్నదాన్ని ‘అమ్మా’ అనడం మన దగ్గర మామూలే. ఆమెకి అది మర్యాదగా వినిపించింది. చూసేవాళ్ళకి ముప్పై ఆరేళ్ళు వినిపించాయి. ఆమె ‘అన్నయ్యగారూ’ అన్నప్పుడు అతను చేసేదల్లా తల దించుకోవడమే. ఆ తర్వాత ఆమె లోపలికెళ్ళి, బిందె ఒంచి, గ్లాసు కడిగి తెచ్చేదాకా కెమెరా అరుగుమీదే ఉంటుంది. స్క్రిప్టులో ‘నిమిషంన్నర, మాటలు లేవు’ అని రాశాను. ఎడిటింగ్‌లో దాన్ని తగ్గించమని అడిగారు. ఒప్పుకోలేదు. మీరూ ఇలాంటి చోట ఒప్పుకోకండి. అన్ని పాత్రలకీ ఈ పిలుపుల పట్టిక ముందే వేసుకోండి: ఎవరు ఎవర్ని ఏ సంవత్సరంలో ఏమంటారు, ఎక్కడ నోరు జారి ‘నువ్వు’ బదులు ‘మీరు’, ‘మీరు’ బదులు ‘నువ్వు’ వస్తుంది. నటులు సెట్లో డైలాగు కొద్దిగా మార్చేస్తుంటారు, సహజం. పిలుపు మాత్రం మార్చనివ్వకండి.

వేగం సంగతికొస్తే, ‘డార్క్’ మొదటి సీజన్‌లో ఎప్పుడు ఏ తలుపు తెరిచారో లెక్కపెట్టండి. మిక్కెల్ 1986లో తేలేది రెండో ఎపిసోడ్ చివర. 1953 బాగా ముందుకొచ్చేది ఎనిమిదిలో. భవిష్యత్తు కనబడేది పదో ఎపిసోడ్ ఆఖరున. మొదటి తలుపుకీ రెండో తలుపుకీ మధ్య అంత దూరం ఎందుకంటే, ఆ మధ్యలో మనుషులు తెలిసినదాన్ని దిగమింగుకుంటున్నారు. తప్పిపోయిన మిక్కెలే తన తండ్రి అని యోనాస్ అనే కుర్రాడికి ఐదో ఎపిసోడ్‌లో తెలుస్తుంది. తెలిసిన వెంటనే ఇంకో రహస్యం అతని నెత్తిన వెయ్యరు. అతను గుహలోకి వెళ్ళాలి, ఆ పిల్లాణ్ణి కళ్ళారా చూడాలి, తీసుకుపోవాలా వద్దా అని నలగాలి.

దీన్ని నేను కార్డులతో చేశాను. ఏదైనా జరిగితే తెల్ల కార్డు, ఎవరికైనా ఏదైనా తెలిస్తే పసుపు కార్డు, పసుపు కార్డుమీద ఆ మనిషి పేరు. నేలమీద వరసగా పరచండి. ఒకే పేరుతో రెండు పసుపు కార్డులు పక్కపక్కన పడ్డాయంటే ఆ మనిషికి ఊపిరాడటం లేదని అర్థం. నాలుగైదు తెల్ల కార్డులు వరసగా పడి పసుపు రాలేదంటే కథ పరుగెడుతోంది గానీ ఎవరికీ ఏమీ తగలడం లేదు. మా మూడో ఎపిసోడ్ అలాగే ఉండేది: పడవ తాడు తెగింది, గేదె కొట్టుకుపోయింది, కరెంటు పోయింది. ఛానల్ వాళ్ళకి అది బాగా నచ్చింది. రెండు తెల్ల కార్డులు చింపేశాను, అప్పుడు గేదె పోయిన ఇంటావిడ ముఖం చూడటానికి చోటు దొరికింది.

ఉత్కంఠ కోసం పరుగెత్తక్కర్లేదు. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో నీరు 75.6 అడుగులకి చేరింది, 2022లో 71.3. పైన పెరిగిన నీరు కిందికి రావడానికి గంటలు పడుతుంది. మా కథలో దిగువ ఊరివాళ్ళు రేడియో దగ్గర కూర్చుని ‘భద్రాచలం వద్ద’ అన్న మాట కోసం చెవులు రిక్కిస్తారు. నలభై మూడు వినగానే చుట్ట వెలిగించుకుని ‘ఏటా వచ్చేదేలే’ అంటారు. వాళ్ళ వెనక నిలబడ్డ సత్తిబాబుకి డెబ్బై అయిదు తెలుసు. అంతే, ఆ సీనులో ఇంకేమీ జరగదు. ఒకడికి తెలిసి పక్కవాళ్ళకి తెలియకపోతే కూర్చున్న మనుషుల్ని చూపించినా గుండె దడదడలాడుతుంది.

షూటింగ్‌లో ఒక చిన్న పని పెద్ద గండం గట్టెక్కించింది. లొకేషన్ దొరికిన వరసలో తీస్తాం కాబట్టి 2022 భాగం ముందు తీశాం. వన్ లైన్ ఆర్డర్‌లో, అంటే సీన్లన్నీ ఒక్కో లైన్లో రాసుకునే జాబితాలో, ప్రతి సీను నంబరు పక్కన వయసు వరస నంబరు కూడా వేయించాను: ‘సీన్ 34, సత్తిబాబు 12’. నటుడు మేకప్ కుర్చీలో కూర్చోగానే ఆ పన్నెండు చూసి ‘అయితే నీళ్ళు తాగిన సీను అయిపోయింది, నాన్నని ఇంకా చూడలేదు’ అనుకునేవాడు. పిల్లాడి వేషం వేసిన అబ్బాయినీ ఆయన్నీ ఒక రోజంతా రేవులో కూర్చోబెట్టాం. పడవ తాడు ముడి ఇద్దరూ ఎడమచేత్తోనే వెయ్యాలని వాళ్ళలో వాళ్ళే నిర్ణయించుకున్నారు.

స్క్రిప్టు అయిపోయిందనుకున్నాక ఒక పని మిగిలి ఉంటుంది. ఎపిసోడ్లు పక్కన పెట్టి, ఒక్క మనిషి సీన్లన్నీ వయసు వరసలో పేర్చి, ఒకే విడతలో గట్టిగా చదవండి. నటుల్ని కూడా పిలవండి. మేం సత్తిబాబుది అలా చదువుతుంటే, పెద్ద సత్తిబాబు వేసే ఆయన సగంలో ఆపి అడిగారు: “నాన్న పోయాక నీళ్ళంటే వణికిపోయే పిల్లాణ్ణి కదండీ, ఏడో ఎపిసోడ్‌లో వరదలోకి దూకుతున్నాను. ఈత ఎప్పుడు నేర్చుకున్నానండీ?” గదిలో ఎవరం మాట్లాడలేదు. ఎపిసోడ్ల వరసలో ఎన్నోసార్లు చదివినా ఎవరికీ కనబడలేదు ఆ బొక్క. ఆ రాత్రి మూడో ఎపిసోడ్‌లో ఒక సీను చేర్చాను. 1987 వేసవి, తెల్లవారుజాము. రేవులో ఎవరూ లేరు. పన్నెండేళ్ళ సత్తిబాబు చొక్కా విప్పి పై మెట్టుమీద మడిచి పెట్టి, ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ నీళ్ళలోకి దిగుతాడు. ఏడో మెట్టు అంచు ఎడమచేత్తో గట్టిగా పట్టుకుంటాడు. కాళ్ళు ఆడించడం మొదలుపెడతాడు.