ఎగుమతి బుడ్డలకు (వేరుశనగలకు) గ్యాస్ పెట్టేటప్పుడు

నిల్వ గింజలను తినే ఖాప్రా పురుగు మనకు పాత చుట్టమే. అనంతపురం గోడౌన్లలో దాన్ని చూసి ఎవరూ బెదరరు. అమెరికా, ఆస్ట్రేలియా మాత్రం దాన్ని గడప తొక్కనివ్వవు. పెస్ట్ కంట్రోల్ వాళ్ళు సరుకును అవతలి రేవులో తనిఖీ చేసేవాడి కళ్ళతో చూడాలి.

1968 పురుగుమందుల చట్టం కింద తీసుకున్న లైసెన్సు ఒక్కటే చాలదు. ఎగుమతి సరుకుకు ఫాస్ఫీన్ గ్యాస్ వదిలే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు వాడాలంటే, గ్యాస్ పట్టించే సంస్థలకు కేంద్రం పెట్టిన ప్రమాణమైన ఎన్‌ఎస్‌పీఎం-22 గుర్తింపు ఉండాలి. సరుకులో తెగుళ్ళు, పురుగులు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఇచ్చేది ప్రభుత్వ అధికారి, మీరు కాదు. గ్యాస్ పట్టించినట్టు మీరిచ్చే సర్టిఫికెట్లో లాట్ నంబరు, బస్తాల లెక్క, మోతాదు, గంటలు సరిగ్గా ఉండాలి.

గ్యాస్ కంటే ముందు చీపురు. ఖాప్రా పిల్లపురుగు గోడ పగుళ్ళలో, పాత గోనెసంచుల కుట్లలో తిండి లేకుండా నెలల తరబడి పడి ఉంటుంది. ఆ దశలో గ్యాస్‌కూ ఓ పట్టాన చావదు. చచ్చినా బొచ్చుతో ఉన్న గోధుమరంగు పొట్టు మిగులుతుంది, తనిఖీలో దొరికేది అదే. కంటైనర్ నేల చెక్కల సందులు కూడా వ్యాక్యూమ్‌తో లాగండి.

పేర్చిన బస్తాలకు టన్నుకు 3 గ్రాముల బిళ్ళలు మూడు: 20 టన్నులకు 60. ఒక్కో బిళ్ళ నుంచి గ్రాము ఫాస్ఫీన్ వస్తుంది. ట్రేలలో విడివిడిగా పరవాలి. కుప్పగా పోసినా, తడి తగిలినా మంట లేస్తుంది. గ్యాస్ బయటికి పోకుండా 7 రోజులు పట్టా (టార్పాలిన్ లాంటిది) కప్పి ఉంచాలి, కొనే దేశం ఇంకా ఎక్కువ అడిగితే అదే లెక్క.

మన దగ్గర ఎక్కువగా చెడేది నేల దగ్గర. కడప బండలు పరిచిన గోడౌన్లో పైన పట్టా ఎంత మంచిదైనా, బండల సందుల్లోంచి గ్యాస్ దిగిపోతుంది. బస్తాలు పేర్చకముందే అడుగున కూడా పట్టా వేసి, పై పట్టా అంచును దానితో కలిపి చుట్టి, మీద ఇసుక నింపిన గొట్టాలను ఒకదానిపై ఒకటి ఎక్కేలా పెట్టండి. రోజూ మీటర్‌తో కొలిచి రాయండి. అరకొర గ్యాస్‌కు బతికిన పురుగుల సంతతి తర్వాత ఆ గ్యాస్‌కు ఓ పట్టాన లొంగదు. ఫాస్ఫీన్ రాగిని తినేస్తుంది, స్విచ్‌బోర్డులుంటే మూసి అతికించండి.

పట్టా తీసేటప్పుడు ఇద్దరుండాలి, ఇద్దరికీ ముఖమంతా కప్పే మాస్కు ఉండాలి.

బస్తాల కింద పెట్టే చెక్క ప్యాలెట్ల సంగతి వేరు. బస్తాలతో కలిపి ఫాస్ఫీన్ పట్టించినా, చెక్క ప్యాకింగుకున్న అంతర్జాతీయ నియమమైన ఐఎస్‌పీఎం-15 కింద అది చెల్లదు. చెక్క నడిమధ్య 56 డిగ్రీలు 30 నిమిషాలు నిలిచేలా వేడిచేసి, ముద్ర వేసిన ప్యాలెట్లే కొనండి. ముద్ర లేని పాత చెక్క ఒక్కటి లోడులో కలిసినా కంటైనర్ ఆగిపోవచ్చు.