ఇంట్లోనే కేక్ అలంకరణ – 5వ పాఠం: ఫాండెంట్ ఫ్రిల్ అంచు

పోయిన పాఠంలో 8 అంగుళాల కేక్‌కి ఫాండెంట్ (చపాతీలా వత్తే చక్కెర ముద్ద) తొడిగాం. పైన నున్నగానే వచ్చినా, కింద బోర్డుకి ఆనే చోట కత్తి గాట్లు కనబడుతుంటాయి. వాటిని కప్పడానికే ఈ ఫ్రిల్. ముత్యాల వరస పెట్టినా కప్పొచ్చు కానీ, ఫ్రిల్‌కి ఉండే నిండుతనం దానికి రాదు.

లంగాకి ఫ్రిల్ కుట్టేటప్పుడు పొడుగాటి గుడ్డను దగ్గరికి లాగి కుచ్చులు పెడతాం కదా. ఫాండెంట్‌తో అలా చేయబోతే విరిగిపోతుంది, లేదా ముద్దగా తయారవుతుంది. ఇక్కడ పద్ధతి వేరు. పై అంచు జోలికి పోకుండా కింది అంచును మాత్రమే పల్చగా సాగదీస్తాం. సాగిన అంచుకు చోటు చాలక తనంతట తానే మెలి తిరుగుతుంది. ఈ పాఠం మొత్తానికీ ఇదే కీలకం.

దక్షిణాఫ్రికాకు చెందిన ఎలైన్ గారెట్ పేరు మీద వచ్చిన 'గారెట్ ఫ్రిల్' ఈ పనిని ఇంకా తేలిక చేసింది. పట్టీకి బదులు గాజులాంటి చక్రం కోయడమే అందులోని కిటుకు. మూడున్నర అంగుళాల మూతతో చక్రం కోసి, దాని మధ్యలో ఒకటిన్నర అంగుళాల మూతతో ఇంకోటి కోసి తీసేయండి. మిగిలిన చక్రాన్ని ఒకచోట తెగ్గోస్తే లోపలి అంచు సుమారు 12 సెంటీమీటర్లు, బయటి అంచు 28. అంటే కోతలోనే సగం ఫ్రిల్ వచ్చేసినట్టు. కేక్ చుట్టుకొలత 64 సెంటీమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి ఆరు చక్రాలు చాలు. అసలు కట్టర్‌కి అంచు వంపులు వంపులుగా ఉంటుంది. నేర్చుకునేటప్పుడు దాన్ని కొనాల్సిన పనేం లేదు, డబ్బా మూతలు చాలు.

150 గ్రాముల ఫాండెంట్‌లో అర టీస్పూన్ సీఎంసీ పౌడర్ (ఫాండెంట్ గట్టిపడడానికి వేసే పొడి) కలిపి, అరచేతులకు కాస్త డాల్డా రాసుకుని బాగా పిసకండి. ప్లాస్టిక్ కవర్లో చుట్టి అరగంట పక్కన పెట్టండి. సీఎంసీ లేకపోతే ఫ్రిల్ నిలబడదు, వాలిపోతుంది. ఎక్కువైతే పని మధ్యలోనే బిర్రబిగుస్తుంది. రంగు కావాలంటే జెల్ కలరే వాడండి, నీళ్ళ రంగు వేస్తే చేతికి అంటుకుంటుంది.

బల్ల మీద కాస్త కార్న్‌ఫ్లోర్ చల్లి 2 మిల్లీమీటర్ల మందాన వత్తండి. ఒక చక్రం కోసి, మిగతా ముద్దను వెంటనే కవర్లో పెట్టేయండి. ఆరు చక్రాలూ ఒకేసారి కోసి పెట్టుకుందామని అనిపిస్తుంది, వద్దు. ఫ్యాన్ గాలికి రెండు మూడు నిమిషాల్లోనే పైపొర ఆరి, సాగదీయగానే పగులుతుంది.

టూత్‌పిక్‌ని చక్రం మీద అడ్డంగా పెట్టండి. మొన బయటి అంచు నుంచి సగం వెడల్పు వరకే రావాలి. దాని మీద చూపుడువేలు ఆనించి, అక్కడికక్కడే ముందుకీ వెనక్కీ దొర్లించండి. బలమంతా అంచు మీదే ఉండాలి. నాలుగైదు సార్లు దొర్లేసరికి వేలి కింద అంచు కాగితంలా పల్చబడి, పుల్లను ఆనుకుని పైకి లేస్తుంది. అప్పుడు చక్రాన్ని కొంచెం తిప్పి పక్క భాగం మొదలుపెట్టండి. పుల్ల అతుక్కుంటుంటే కార్న్‌ఫ్లోర్ అద్దుకోండి. అంచు చిరుగుతుంటే మీరు పుల్లని దొర్లించకుండా ఈడుస్తున్నారన్నమాట.

కేక్ చుట్టూ బోర్డుకి ఒక అంగుళం పైన సన్నగా గీత గుర్తు పెట్టుకుని, ఆ గీత కింద తడి బ్రష్‌తో ఒక్కసారి రాయండి. నీళ్ళు ఎక్కువైతే ఫ్రిల్ జారుతుంది. లోపలి అంచును గీతకు ఆనించి మెల్లగా నొక్కండి. ఒక చక్రం చివర మీదకి రెండోది కాస్త ఎక్కేలా పెట్టి, మెలికల్లో అతుకు దాచేయండి. ఇప్పుడు టూత్‌పిక్‌తో మెలికలను పైకి లేపి, వాలిపోయే చోట చిన్న టిష్యూ ఉండలు పెట్టండి. ఆరాక తీసేయొచ్చు. పై అంచు మీద సన్నటి ఫాండెంట్ తాడు వేస్తే గీత కూడా కనబడదు.

విప్పింగ్ క్రీమ్ కేక్ మీద మాత్రం ఇది చేయకండి. క్రీమ్ తేమకు ఫ్రిల్ మెత్తబడి కిందికి దిగిపోతుంది. లోపల గనాష్ (చాక్లెట్, క్రీమ్ కలిపి చేసే పూత) గానీ బటర్‌క్రీమ్ గానీ ఉండాలి. వానాకాలంలో ఫ్రిజ్‌లోంచి తీసిన కేక్‌కి చెమట పడుతుంది. దాన్ని వేళ్ళతో తాకకుండా, ఆరేదాకా ఆగండి.

వచ్చే పాఠంలో వరస మీద వరస పెట్టడం చూద్దాం. అప్పుడు కింది నుంచి పైకి వెళ్తాం, ప్రతి వరసా కింది వరస అతుకును కప్పుతుంది కాబట్టి. ఈలోపు ఒక స్టీల్ డబ్బా బోర్లించి, దాని చుట్టూ ఒక వరస వేసి చూడండి. ఊడదీసిన ఫాండెంట్‌ని పారేయకండి, మళ్ళీ పిసికి ఇంకోసారి ప్రాక్టీసుకు వాడుకోవచ్చు.