రిమోట్ ట్యాంకు మోటార్లు: మార్చే ముందు చూడవలసినవి, మార్చాక చేయవలసినవి

1/16 సైజు, అంటే అసలు ట్యాంకులో పదహారో వంతు కొలతల రిమోట్ ట్యాంకు కొన్నవారిలో చాలామందికి ఆరు నెలలు తిరగకముందే మోటార్లు మార్చాలన్న కోరిక పుడుతుంది. గుమ్మం ఎక్కడం లేదనో, గడ్డిలో ఆగిపోతోందనో, ప్లాస్టిక్ ట్రాకులు తీసి లోహపు ట్రాకులు వేశాక ఈడ్చుకుంటూ నడుస్తోందనో కారణం చెబుతారు. ఆ ఇబ్బంది నిజమే కావచ్చు గాని, ఇంకా వేగంగా తిరిగే మోటారు తెచ్చి బిగించడం దానికి మందు కాదు. ట్యాంకుకు కావలసింది నెమ్మదిగా తిరుగుతూ బలంగా లాగే మోటారు. అది కూడా ఒకటి కాదు, అన్ని విధాలా ఒకదానికొకటి సరిపోయే జత.

కారు ముందు చక్రాలు తిప్పుకుని మలుపు తీసుకుంటుంది. ట్యాంకుకు ఆ సౌకర్యం లేదు. ఒక ట్రాకును ఆపో, వెనక్కి తిప్పో మలుపు తిరగాలి. అప్పుడు నేల మీద ఆనిన ట్రాకు పొడవంతా పక్కకు ఒరుసుకుంటూ జరుగుతుంది. నేరుగా పోయేటప్పుడు తీసుకునే కరెంటుకు రెండు మూడు రెట్లు ఉన్నచోటే గిరగిరా తిరిగేటప్పుడు తీసుకోవడం మామూలే. నా మొదటి మోడల్ అయిన టైగర్ (రెండో ప్రపంచయుద్ధపు జర్మన్ ట్యాంకు) బొమ్మకు వేగం ఎక్కువన్న మాట ఒక్కటే చూసి కొత్త మోటార్లు వేశాను. గచ్చు మీద బాణంలా దూసుకుపోయింది. మెత్తని తివాచీ మీద నాలుగు చుట్లు తిప్పేసరికి బెలూన్ కాలినట్టు వాసన వచ్చింది. మూత తీసి చూస్తే కంట్రోల్ బోర్డు మీద ఎడమ మోటారును నడిపే ట్రాన్సిస్టర్ పగిలి ఉంది. మోటార్లు మాత్రం చెక్కు చెదరలేదు. ధర మోటార్లది కాదు, బోర్డుది కట్టాల్సి వచ్చింది.

లెక్క సులువైనదే. తిరుగుతున్న మోటారు బ్యాటరీకి ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది కనుక కరెంటు అదుపులో ఉంటుంది. జామ్ అయి ఆగిపోతే ఆ ఎదురు వోల్టేజీ ఉండదు, అడ్డుపడేది వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్టలు) నిరోధం ఒక్కటే. 7.4 వోల్టుల లిథియం పాలిమర్ బ్యాటరీకి అర ఓము మోటారు తగిలిస్తే, వైర్ల నష్టాలు పక్కన పెడితే, దాదాపు 15 ఆంపియర్లు. నిండా ఛార్జ్ అయినప్పుడు ఆ బ్యాటరీ 8.4 వోల్టులు ఇస్తుందని కూడా మరవకూడదు. వేగం ఎక్కువగా ఉండే మోటార్లలో వైండింగ్ చుట్లు తక్కువ, తీగ లావు, నిరోధం ఇంకా తక్కువ. అందువల్ల ఏ మోటారు కొనాలన్నా ముందుగా చూడవలసిన అంకె నిమిషానికి ఎన్ని చుట్లన్నది కాదు, జామ్ అయినప్పుడు ఎన్ని ఆంపియర్లన్నది. దాన్ని మీ బోర్డు తట్టుకోగలదా అన్నది.

కొనే ముందు ఉన్న మోటార్లకు న్యాయం చేయాలి. ట్యాంకును పుస్తకాల దొంతర మీద ఎత్తిపెట్టి, రెండు ట్రాకులూ విప్పేసి, ఒక్కో వైపు విడిగా నడిపించి కరెంటు కొలవండి. మంచి స్థితిలో ఉన్న 380 రకం (ఈ అంకెలు మోటారు సైజు పేర్లు) మోటారు ఖాళీగా తిరిగేటప్పుడు అర ఆంపియర్ నుంచి ఒక ఆంపియర్ లోపు తీసుకుంటుంది. గేర్‌బాక్స్ తోడైతే కాస్త పెరుగుతుంది. ఒక వైపు 0.7, రెండో వైపు 1.4 చూపిస్తే తేడా ఎక్కడో ఉన్నట్టే. మోటారు విప్పి గేర్లను చేత్తో తిప్పి చూడండి. ఎక్కడా పట్టకుండా ఒకే తీరుగా తిరిగితే లోపం మోటారుది. చుట్టుకొకసారి పట్టినట్టు అనిపిస్తే ఏ గేరు పంటిలోనో ఇసుక రేణువు ఇరుక్కుని ఉంటుంది. తరువాత ట్రాకులు వేసి మళ్లీ కొలవండి. ట్రాకుల వల్లనే కరెంటు ఒక్కసారిగా పెరిగితే బిగువు ఎక్కువైందన్నమాట. టైగర్, పాంథర్ వంటి వాటి ట్రాకు పై వరుస వీణ తీగలా బిగిసి ఉండకూడదు, చక్రాల మీద కొద్దిగా వాలి కూర్చోవాలి. అసలు ట్యాంకుల ఫోటోలలోనూ అలాగే కనిపిస్తుంది. ట్రాకు బిగువును సరిచేసే వెనుక ఇడ్లర్ చక్రాన్ని కొంచెం సడలించడంతోనే మోటారు మార్పిడి ఆలోచన మానుకున్నవారిని నేను ఎరుగుదును.

ఈ కొలతలకు మామూలు మల్టీమీటర్ 10 ఆంపియర్ల సాకెట్ సరిపోతుంది. నేల మీద మలుపులు తిప్పుతూ కొలవడానికి మాత్రం దాన్ని వాడకండి, లోపలి ఫ్యూజు పోతుంది. బ్యాటరీకి, ట్యాంకుకు మధ్య తగిలించే వాట్ మీటర్ అయితే అత్యధిక కరెంటును గుర్తుపెట్టుకుని చూపిస్తుంది.

ఇంత చేశాక కూడా మోటారు బలహీనంగానే ఉందనిపిస్తే అప్పుడు ఎంపిక మొదలుపెట్టాలి. దానికి అసలు ట్యాంకే కొలబద్ద. టైగర్ 1 రోడ్డు మీద గంటకు అత్యధికంగా 45 కిలోమీటర్లు పోయేది. దాన్ని 16తో భాగిస్తే మన మోడల్‌కు సెకనుకు 78 సెంటీమీటర్లు వస్తాయి. అంటే మనిషి తాపీగా నడిచే వేగం కంటే తక్కువే. టైగర్ స్ప్రాకెట్‌కు, అంటే ట్రాకును తిప్పే పళ్ల చక్రానికి 20 పళ్లు, ట్రాకులో ఒక్కో లింకు 130 మిల్లీమీటర్లు, కాబట్టి స్ప్రాకెట్ ఒక చుట్టు తిరిగితే బండి 2.6 మీటర్లు కదులుతుంది. మోడల్‌లో అది 16 సెంటీమీటర్ల పైచిలుకు. ఆ వేగానికి స్ప్రాకెట్ నిమిషానికి సుమారు 290 చుట్లు తిరిగితే చాలు. బరువు లాగుతూ 12,000 చుట్లు తిరిగే మోటారుకు గేర్‌బాక్స్ మొత్తం నిష్పత్తి దాదాపు 42:1 ఉండాలి. మోటారు 20,000 చుట్లదైతే 70:1 దాకా కావాలి. గేర్‌బాక్స్ అట్ట మీద 3:1 అనో 4:1 అనో కనిపించే అంకె ఈ మొత్తం నిష్పత్తి కాదు. పినియన్ (మోటారు ఇరుసుకు ఉండే చిన్న గేరు) మీద మార్కర్‌తో చుక్క పెట్టి, స్ప్రాకెట్ ఒక్క చుట్టు పూర్తయ్యేలోగా అది ఎన్నిసార్లు తిరిగిందో కూర్చుని లెక్కపెట్టుకోవడమే నమ్మదగిన పద్ధతి. బండి బరువెక్కితే, ముఖ్యంగా లోహపు ట్రాకులు, లోహపు చక్రాలు వేసుకుంటే, గేరు నిష్పత్తిని పెంచడమే మోటారును పెంచడం కంటే మేలు.

కొలతల విషయంలో పొరపాటు పడకూడదు. 380 మోటారు డబ్బా వ్యాసం సుమారు 28 మిల్లీమీటర్లు, ఇరుసు 2.3 మిల్లీమీటర్లు. 370 అంతకన్నా సన్నం, ఇరుసు 2 మిల్లీమీటర్లే; పాత పినియన్ దానికి వదులుగా ఉంటుంది. 390 అన్నది 380 లావే గాని పొడవు ఎక్కువ, లాగే బలం ఎక్కువ. లోపల స్థలం ఉంటే నా ఓటు దీనికే. 540 రకం 36 మిల్లీమీటర్ల లావు, ఇరుసు 3.2 మిల్లీమీటర్లు, దాన్ని ఇరికించాలంటే గేర్‌బాక్స్, స్పీడ్ కంట్రోలర్ అన్నీ మార్చుకోవాలి.

బలమైన మోటారు పెట్టి గేర్లను వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి చరిత్రలోనే ఉదాహరణ ఉంది. జర్మన్ పాంథర్‌ను మొదట 35 టన్నులని అనుకున్నారు, తయారయ్యేసరికి 45కు చేరింది. ఇంజిన్ లాగింది గాని స్ప్రాకెట్ పక్కనున్న ఆఖరి గేర్లు ఆ భారానికి ఓర్వలేక విరిగేవి. మన ప్లాస్టిక్ గేర్‌బాక్సుల కథ కూడా అదే. 390 మోటారు వేస్తున్నారంటే ఉక్కు గేర్లు, బాల్ బేరింగులు ఉన్న గేర్‌బాక్స్‌ను కూడా లెక్కలో వేసుకోండి. గేర్‌బాక్స్ పాతదే అయితే ఇరుసు తిరిగే ఇత్తడి గొట్టాల్లాంటి బుష్‌ల స్థానంలో ఆ కొలతకే దొరికే చిన్న బేరింగులు వేయవచ్చు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడిగితే బేరింగ్ చేతిలో పట్టుకుని చూసి చెప్పేవారు ఉంటారు.

ఇక జత సంగతి. అంగట్లో మోటారు ఒక్కటి చాలన్నా వినకూడదు, రెండూ ఒకే రకం, ఒకే విడతవి కొనాలి. ట్యాంకులో రెండు మోటార్లూ అద్దంలో ప్రతిబింబంలా ఎదురెదురుగా కూర్చుంటాయి. బండి ముందుకు పోవాలంటే ఒకటి కుడికి, రెండోది ఎడమకు తిరగాలి. కారు కోసం చేసిన కొన్ని మోటార్లలో ఒకే దిక్కున వేగంగా తిరగడానికి వీలుగా బ్రష్‌లను (తిరిగే వైండింగ్‌కు కరెంటు అందించే బొగ్గు ముక్కలు) కొంచెం జరిపి అమరుస్తారు. దాన్ని టైమింగ్ అంటారు. అటువంటివి రెండు వేస్తే ఒకటి చురుకుగా, మరొకటి మందకొడిగా తిరిగి, మీరు స్టిక్ నేరుగా తోసినా ట్యాంకు ఒక పక్కకే లాగుతుంది. కొన్నాక పరీక్ష కష్టం కాదు. ఒకే బ్యాటరీతో మోటారును ఒకసారి అటు, వైర్లు మార్చి మరోసారి ఇటు తిప్పండి. శబ్దం, కరెంటు రెండింటిలోనూ తేడా లేకపోతే టైమింగ్ లేనిదే. తేడా ఉంటే తిరిగి ఇచ్చేయండి.

బిగించే పని గంటలో అయిపోతుంది గాని రెండు చోట్ల ఓపిక కావాలి. మొదటిది స్క్రూలు. 380 ముఖం మీద 16 మిల్లీమీటర్ల ఎడంలో 2.5 మిల్లీమీటర్ల స్క్రూ రంధ్రాలు రెండు ఉంటాయి. వాటిలో అవసరానికి మించి పొడవైన స్క్రూ వేస్తే మొన లోపలికి వెళ్లి తిరిగే వైండింగ్‌ను గీరేస్తుంది. కొత్త మోటారు మొదటి చుట్టులోనే పోయిందని వాపోయేవారిలో కొందరి నేరం ఇదే. పాత స్క్రూలనే వాడండి, లేదా పక్కన పెట్టి పొడవు సరిచూసుకోండి. రెండోది గేర్ల మధ్య సందు. పినియన్‌కు, పెద్ద గేరుకు నడుమ సన్నని కాగితం ముక్క పెట్టి, మోటారును నొక్కి, స్క్రూలు బిగించి, గేరు తిప్పుతూ కాగితాన్ని బయటికి లాగండి. కాగితం మడతలు పడి, చిరగకుండా వస్తే సందు సరిపోయినట్టే. పినియన్‌ను ఇరుసు నుంచి తీయడానికి పుల్లర్ వాడాలి; సుత్తితో కొడితే ఇరుసు వంగడమే కాక వెనుక బుష్ కూడా పాడవుతుంది.

బ్రష్‌ల దగ్గర రేగే నిప్పురవ్వలు రిసీవర్‌ను గందరగోళపరుస్తాయి, ట్యాంకు తనంతట తాను ఫిరంగి ఊపుతుంది. అందుకని మోటారుకు వైర్లు తగిలించే రెండు టెర్మినళ్ల మధ్య ఒకటి, ఒక్కో టెర్మినల్ నుంచి డబ్బాకు ఒక్కొక్కటి, మొత్తం మూడు 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్లు వేయాలి. పైన 104 అని ముద్ర ఉంటుంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో చిల్లర డబ్బులకే దొరుకుతాయి. డబ్బాకు టంకం పట్టాలంటే ముందు ఆ చోట గరుకు కాగితంతో రుద్ది, వేడెక్కిన ఐరన్‌తో రెండు మూడు సెకన్లలో ముగించాలి. ఐరన్‌ను అలాగే ఆనించి ఉంచితే లోపలి ప్లాస్టిక్ కరుగుతుంది.

కొత్త మోటారును నేరుగా నిండు వోల్టేజీతో పని చేయించకండి. బ్రష్ చివర చదునుగా, అది తాకే కమ్యుటేటర్ (ఇరుసుతో పాటు తిరిగే రాగి భాగం) గుండ్రంగా ఉంటాయి కాబట్టి మొదట్లో అవి ఒక గీత మేరే కలుస్తాయి. మామూలు పెన్సిల్ బ్యాటరీలు రెండు కలిపి, 3 వోల్టులతో, భారం లేకుండా ఒక అరగంట తిప్పితే బ్రష్ ఆ వంపుకు అరిగి కూర్చుంటుంది. రెండు మోటార్లకూ సమానంగా సమయం ఇవ్వాలి. నీళ్లలో ముంచి తిప్పే పద్ధతి కూడా ఉంది, త్వరగా అవుతుంది; నాకైతే తరువాత బుష్‌లను ఆరబెట్టి నూనె వేసే తంటా నచ్చదు.

బ్రష్‌లెస్, అంటే బ్రష్‌లు లేని మోటార్ల గురించి అడిగేవారికి ఒక్క మాట. ఇరుసు ఏ స్థానంలో ఉందో చెప్పే సెన్సర్ లేని రకాలు అతి నెమ్మది వేగంలో తడబడుతూ కదులుతాయి, ట్యాంకుకు అందమంతా ఆ నెమ్మది వేగంలోనే ఉంది.

సంరక్షణకు పెద్ద సామగ్రి అక్కరలేదు. ఎర్రమట్టిలోనో ఇసుకలోనో నడిపించిన రోజు ట్రాకుల దుమ్మును పొడి బ్రష్‌తో దులిపి, తరువాతే లోపల చూడాలి. ముందే మూత తీస్తే ఆ దుమ్మంతా గేర్లలో పడుతుంది. మోటారు రెండు కొసల బుష్‌లకు పది పన్నెండు గంటల నడకకోసారి కుట్టు మిషన్ నూనె, అదీ సూది మొన మీద నిలిచే ఒక్క చుక్క. అంతకు మించి వేస్తే బ్రష్‌ల వైపు పాకి, బొగ్గు పొడితో కలిసి నల్లని బురద అవుతుంది. కొబ్బరినూనె వేయవద్దు, కొంతకాలానికి జిగురుకడుతుంది. లోహపు గేర్లకు లిథియం గ్రీజు, ప్లాస్టిక్ గేర్లకు సిలికాన్ గ్రీజు వాడాలి. పళ్లు తడిసేంత చాలు, మిగిలింది దుమ్మును పట్టుకోవడానికే పనికొస్తుంది.

వేడిని వేలితో చూడవచ్చు. మోటారు మీద వేలు పెట్టి మూడు సెకన్లు ఉంచలేకపోతే అది 60 డిగ్రీలు దాటి ఉంటుంది, ఆట ఆపేయాలి. మే నెల మధ్యాహ్నం గాలే 42 డిగ్రీలు ఉంటుంది కనుక, ఆ రోజుల్లో పది నిమిషాలు నడిపి పది నిమిషాలు మూత తీసి ఉంచడం నా అలవాటు. బ్రష్‌లు అరగడం మాత్రం ఎవరూ ఆపలేరు. మిక్సీలో కార్బన్ బ్రష్‌లు విడిగా మార్చుకుంటాం గాని, ఈ చిన్న మోటార్లలో చాలావరకు డబ్బా మూసేసి ఉంటుంది. ఇరుసును కొద్దికొద్దిగా తిప్పుతూ టెర్మినళ్ల మధ్య నిరోధం కొలిస్తే అన్ని స్థానాల్లోనూ దాదాపు ఒకే అంకె రావాలి. ఒక చోట అసలు తగలకపోయినా, ఒకసారి వేలితో తోస్తేనే బయలుదేరుతున్నా, జతను మార్చే సమయం వచ్చినట్టు.

కొత్త మోటార్లు బిగించిన రోజున, ట్రాకులు లేకుండా ఒక్కో వైపు తీసుకున్న కరెంటును తేదీతో సహా ఒక చిన్న కాగితం మీద రాసి, బ్యాటరీ మూతకు లోపలి వైపు అంటించి పెట్టుకుంటాను. మొన్న ఎడమ వైపు 0.8 నుంచి 1.2కు పెరిగింది. మోటారు పోయిందనే అనుకుని కొత్త జత కోసం ధరలు కూడా చూశాను. గేర్‌బాక్స్ విప్పితే స్ప్రాకెట్ ఇరుసు చుట్టూ తివాచీ నూలు, తల వెంట్రుకలు కలిసి వత్తిలా పేనుకుని ఉన్నాయి. ట్వీజర్‌తో లాగేశాక మళ్లీ 0.8.