మైనింగ్, లాగింగ్, కన్‌స్ట్రక్షన్: రాష్ట్రాల ఉద్యోగ లెక్కలు ఎలా చదవాలి

మాదాపూర్‌లో మా టీమ్ పని అమెరికా రాష్ట్రాల ఉద్యోగ లెక్కలు చూడటం. కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదట చెప్పేది ఒకటే: ముడి అంకెలను నెలకూ నెలకూ పోల్చకండి. జనవరిలో మిన్నెసోటా మంచులో నిర్మాణ పనులు తగ్గుతాయి, ఎండలు రాగానే పెరుగుతాయి. అది ట్రెండ్ కాదు, వాతావరణం. సీజనల్ సర్దుబాటు చేసిన, అంటే ఇలా ఏటా వచ్చే హెచ్చుతగ్గులను తీసేసిన అంకె దొరికితే అది తీసుకోండి. లేదంటే నిరుడు అదే నెలతో పోల్చండి.

తర్వాత ఆ అంకె ఏ రంగానిదో చెప్పే శీర్షిక చూడండి. హవాయి, డెలావేర్ లాంటి చోట్ల గనుల పని, కలప నరికే పని చాలా తక్కువ. అందుకే వాటిని నిర్మాణంతో కలిపి, మూడింటికీ ఒకే అంకె ఇస్తారు. అక్కడ పెరిగినా తగ్గినా దాదాపు అంతా నిర్మాణానిదే. టెక్సాస్‌లో నిర్మాణం విడిగా ఉంటుంది. అక్కడ మైనింగ్ అంటే ముఖ్యంగా చమురు, గ్యాస్. చమురు ధరను కూడా చూస్తూనే చదవాలి.

ఇప్పుడు అసలు విషయం. ఈ అమెరికా అంకెలు సంస్థల జీతాల పట్టీల నుంచి వచ్చే లెక్కలు. నెలలో 12వ తేదీ పడే పే పీరియడ్‌లో (జీతం లెక్కగట్టే వ్యవధిలో) జీతం అందుకున్నవాళ్లే వస్తారు. సొంతంగా పనులు పట్టుకునే మేస్త్రీ రాడు. మన దేశంలో ఉద్యోగాల లెక్క తీసే పీఎల్‌ఎఫ్‌ఎస్ (పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే) ఇంటింటి సర్వే. పొద్దున్నే తాపీ, సద్దిడబ్బా పట్టుకుని లేబర్ అడ్డా మీద నిలబడే మనిషికీ అందులో చోటుంది. కాబట్టి తెలంగాణ అంకెను టెక్సాస్ అంకె పక్కన పెట్టి గ్రాఫ్ గీయకండి. ఆ మనిషి కనబడకుండా పోతాడు.

ఏటా పాత అంకెలను సవరిస్తారు. డౌన్‌లోడ్ చేసిన తేదీ ఫైల్ పేరులోనే రాయండి.