అల్సర్ మాత్ర ఎలా వేసుకోవాలి?

ముందు మాత్ర పేరు చూడండి. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్... చివర ‘ప్రజోల్’ ఉంటే ఈ పద్ధతి. పొద్దున పళ్లు తోముకోగానే, పరగడుపున, గ్లాసుడు నీళ్లతో మింగేయండి. నమలొద్దు, విరవొద్దు. పైపూత పోతే కడుపులోని యాసిడ్ మందునే పాడుచేస్తుంది.

తర్వాత అరగంట ఆగి, గంటలోపు టిఫిన్ తినండి. అందరూ తప్పేది ఇక్కడే. మా మెడికల్ షాపుకొచ్చి “రెండ్రోజులైందండీ, మంట తగ్గలేదు, పవర్ పెంచండి” అనేవాళ్లను ఎప్పుడు వేసుకున్నారని అడిగితే, “రాత్రి తిన్నాక, పడుకోబోయే ముందు” అంటారు. లోపం పవర్‌లో లేదు, టైములో ఉంది.

కడుపు గోడలోని కణాల్లో యాసిడ్‌ను బయటికి తోసే పంపులుంటాయి. తిండి పడినప్పుడు అవి పెద్దసంఖ్యలో పనిలోకి దిగుతాయి. మాత్ర చిన్నపేగులో కరిగి, రక్తంలో కలిసి అక్కడికి చేరుతుంది. పని చేస్తున్న పంపులకే అతుక్కుంటుంది, ఖాళీగా ఉన్నవాటిని వదిలేస్తుంది. పైగా రక్తంలో మందు ఉండేది కొద్ది గంటలే. అందుకే మందు చేరే వేళకు తిండి కూడా పడాలి. మాత్ర వేసుకుని టిఫిన్ మానేసినా దండగే. కాఫీ కూడా టిఫిన్‌తోనే తాగాలి, ముందు వద్దు.

మొదటిరోజు అన్ని పంపులూ దొరకవు. పూర్తి ఫలితానికి 3 నుంచి 5 రోజులు పడుతుంది, అంతవరకు ఓపిక పట్టాలి. ఈలోగా మంట ఎక్కువైతే యాంటాసిడ్ సిరప్ తాగొచ్చు. అది ఉన్న యాసిడ్‌ను విరిచేస్తుందే తప్ప కొత్తది ఊరకుండా ఆపదు. సిరప్‌తోనే నెలలు నెట్టుకొచ్చేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఫామోటిడిన్ అనే మరో రకం మాత్ర యాసిడ్‌ను తగ్గిస్తుంది గానీ, రోజూ వాడితే దాని పట్టు సడలుతుంది. పుండు మాన్పడంలో ప్రజోలే మెరుగు.

నొప్పి పోగానే ఆపేయకండి. చిన్నపేగు మొదట్లోని పుండుకు సాధారణంగా 4 వారాలు, కడుపులోని పుండుకు 8 వారాలు వాడమంటారు. నెలల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే యాసిడ్ మునుపటికన్నా ఎక్కువ ఊరి మంట తిరగబెట్టొచ్చు. డాక్టర్‌ను అడిగి మెల్లగా తగ్గించుకోండి. హెచ్. పైలోరీ బ్యాక్టీరియా ఉందేమో పరీక్ష చేయించుకోండి. ఉంటే యాంటీబయాటిక్స్ కూడా పడాలి, అవి వాడకపోతే పుండు మళ్లీ రావొచ్చు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వాడుతుంటే ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పండి. విరేచనం నల్లగా, జిగటగా అయినా, వాంతిలో రక్తం కనిపించినా మాత్రలతో కాలయాపన చేయకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.