అండమాన్ ట్రిప్‌కి ఇంటి తిండి సర్దడం ఎలా? పచ్చడి కారకుండా పట్టుకెళ్ళడం ఎలా?

కుటుంబమంతా అండమాన్ వెళ్తున్నామంటే చాలు, మన ఇళ్ళల్లో సగం వంటగది సూట్‌కేసుల్లోకి ఎక్కేస్తుంది. బియ్యం, కందిపప్పు, చింతపండు, బుల్లి రైస్ కుక్కర్, నాలుగు రకాల పచ్చళ్ళు. ఇంత అవసరం లేదు. మొన్నటిదాకా పోర్ట్ బ్లెయిర్ అని పిలుచుకున్న శ్రీ విజయపురంలో, అబర్డీన్ బజార్‌లో బియ్యం దగ్గర్నుంచి పెరుగు దాకా అన్నీ దొరుకుతాయి. అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ళు, తమిళులు చాలామందే ఉన్నారు కాబట్టి ఇడ్లీకి, సాంబారన్నానికి ఊరంతా తిరగక్కర్లేదు.

సూత్రం ఒక్కటే. అన్నం అక్కడ కొనుక్కోవాలి, అందులో కలుపుకునేది ఇక్కడి నుంచి పట్టుకెళ్ళాలి. దాంతోపాటు వేళ కాని వేళ ఆకలేస్తే తినడానికి కాస్త పొడి తిండి ఉంటే చాలు.

ఏమేం పెట్టుకోవాలి

నలుగురికి, ఐదారు రోజులకి: కందిపొడి పావుకిలో, కరివేపాకు పొడి వంద గ్రాములు, ఒక రకం పచ్చడి పావుకిలో, వేయించిన అటుకుల మిక్చర్, జంతికలు, సున్నుండలు. మొదటి రోజు దారిలోకి చపాతీలు లేదా పులిహోర. మొత్తం మూడు కిలోలు దాటకూడదు. దేశంలో తిరిగే విమానాల్లో ఎకానమీ టికెట్‌కి మామూలుగా మనిషికి 15 కిలోలే చెక్-ఇన్ ఇస్తారు. అత్తగారు "ఈ నాలుగు అరిసెలు కూడా పెట్టవే" అంటారు. పెట్టండి, కానీ మిక్చర్‌లోంచి అంత బరువు తీసేయండి.

పొడులు పూర్తిగా చల్లారాకే డబ్బాల్లో పోయాలి. జంతికలు రోజుకొక చిన్న కవరు చొప్పున కట్టాలి. సముద్రపు గాలికి పెద్ద డబ్బా ఒకసారి మూత తీశారంటే మర్నాటికి మెత్తబడిపోతాయి.

కారం ఉన్నదేదైనా చెక్-ఇన్ సూట్‌కేసులోకే వెళ్ళాలి. కారప్పొడి, పచ్చడి చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు, అక్కడ వాదించి లాభం లేదు. ఎండుకొబ్బరి చిప్పలు అసలు పెట్టకండి. అందులోని నూనె వల్ల దానంతటదే వేడెక్కి అంటుకునే గుణం ఉంది, అందుకే విమానాల్లో దాన్ని ప్రమాదకర సరుకు కింద లెక్కేస్తారు. హారతి కర్పూరం, అగ్గిపెట్టె కూడా ఇంట్లోనే ఉండాలి.

అసలు తంటా: పచ్చడి

ఎయిర్‌పోర్టులో బెల్టు మీద ఎర్ర నూనె కారుతూ ఒక సూట్‌కేసు వస్తుంది చూడండి, అది తప్పకుండా మనవాళ్ళదే. ఆ ఇంట్లోవాళ్ళందరూ చెప్పేది ఒకటే మాట: "మూత గట్టిగానే బిగించామండీ!" గొడవ మూతది కాదు, గాలిది.

విమానం పైకి వెళ్ళాక లోపల గాలి ఒత్తిడి తగ్గుతుంది. ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఎంత ఉంటుందో అంతే ఉంటుంది, అంటే దాదాపు ఊటీలో ఉన్నట్టు. మన సూట్‌కేసులు పెట్టే కింది అరలోనూ అదే పరిస్థితి. సీసాలో పచ్చడి పైన ఉన్న ఖాళీలోని గాలి పావు వంతుకు పైగా వ్యాకోచించి, మూత మరచుట్ల సందుల్లోంచి దారి చేసుకుంటుంది. సీసా నిలువుగా ఉంటే గాలి పోతుంది. సూట్‌కేసులో సీసా ఎప్పుడూ నిలువుగా ఉండదు కదా! పడుకున్న సీసాలో మూత దగ్గర ఉండేది నూనె, అందుకే గాలి ముందు నూనెనే తోస్తుంది. ఎంత బలంగా బిగించినా, మూత చుట్టూ టేపు చుట్టినా జరిగేది ఇదే. టేపు జిగురు నూనె తగిలితే ఊడిపోతుంది కూడా.

కాబట్టి సీసా వద్దు. గాజు సీసా అయితే అసలే వద్దు. మందపాటి జిప్ కవరు తీసుకోండి, కూరగాయలు వేసుకునే పల్చటిది కాదు. కొవ్వొత్తి మంట మీద కవరు అంచు అతికించే పద్ధతి మన పెద్దవాళ్ళది. బస్సు ప్రయాణానికైతే సరే గానీ విమానానికి పనికిరాదు. అతుకు ఒక్కచోట పల్చగా ఉన్నా అక్కడే విచ్చుకుంటుంది.

ప్రయాణానికి రెండు రోజుల ముందు పచ్చడిని పొడి గరిటెతో ఒక పళ్ళెంలోకి తీసి, పళ్ళేన్ని ఒక పక్కకి వాల్చి ఉంచండి. ఓ గంటలో నూనె పల్లానికి చేరుతుంది. దాన్ని మళ్ళీ జాడీలోకే వంపేయండి. వారం రోజుల ప్రయాణానికి పచ్చడి నూనెలో తేలుతూ ఉండక్కర్లేదు, ముక్కకి పట్టిన నూనె చాలు.

ఆవకాయ అయితే ఇంకో పని ఉంది, ఎవరూ చేయనిది. టెంక ఉన్న ముక్కలన్నీ ఏరి పక్కన పెట్టండి. కత్తిపీటతో కొట్టిన టెంక అంచు వేలితో తడిమి చూస్తే తెలుస్తుంది, బ్లేడులా ఉంటుంది. సూట్‌కేసు విసిరినప్పుడు కవరుకి చిల్లు పెట్టేది అదే. అందుకే ప్రయాణాలకి మాగాయ పట్టుకెళ్ళాలి. ముక్కకి టెంక ఉండదు, నూనె తక్కువ, పెరుగన్నంలోకి దాన్ని మించింది లేదు. గోంగూర అంటారా, అది ఇంట్లో తినండి.

కవరులో సగానికి మించి నింపకండి. నింపేటప్పుడు కవరు మూతిని బయటికి మడిచి ఉంచాలి, లేకపోతే జిప్ గాడిలోకి నూనె చేరుతుంది. చేరిందంటే జిప్ పడ్డట్టే ఉంటుంది గానీ పట్టదు. పొడి గుడ్డతో ఆ గాడిని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తుడవండి. అడుగు నుంచి చుట్టుకుంటూ వచ్చి గాలంతా బయటికి పంపి, అప్పుడు జిప్ నొక్కండి. ఈ కవరుని తలకిందులుగా ఇంకో కవరులో పెట్టి, దాని గాలి కూడా తీసి మూసేయండి.

ఇప్పుడు పరీక్ష. రాత్రి పాత న్యూస్‌పేపర్ మీద ఆ కవరు పెట్టి, పైన పిల్లల లావుపాటి పుస్తకాలు రెండు పెట్టి పడుకోండి. పొద్దున పేపర్ మీద చిన్న నూనె మరక కనిపించినా కవరు మార్చాల్సిందే. మరక లేకపోతే స్టీలు డబ్బాలో పెట్టి, పాత తువ్వాలు చుట్టి, సూట్‌కేసు మధ్యలో సర్దండి. పట్టుచీర పక్కన మాత్రం కాదు.

ఇదంతా ఎందుకు అనుకునేవాళ్ళు పచ్చళ్ళ దుకాణానికి వెళ్ళి, గాలి తీసి సీలు వేసిన ప్యాకెట్ కొనుక్కోవచ్చు. అమెరికా వెళ్ళేవాళ్ళ కోసం ఎలాగూ అలా కడుతూనే ఉంటారు. రుచి సంగతి మీ ఇష్టం.

అక్కడికి చేరాక

హేవ్‌లాక్ (స్వరాజ్ ద్వీప్) దీవికి వెళ్ళే ఫెర్రీ గంటన్నర, రెండు గంటలు పడుతుంది. ఎక్కేముందు పులిహోర తినిపించకండి, సముద్రం కాస్త ఊగితే మొత్తం బయటికొస్తుంది. రెండు బిస్కెట్లు, ఒక అల్లం మురబ్బా చాలు. పెద్ద సామాను విడిగా పెట్టిస్తారు కాబట్టి ఆ పూట తినేది చేతి సంచిలోనే ఉండాలి.

డిసెంబర్‌లో అక్కడ సాయంత్రం అయిదు దాటితే చీకటే. పిల్లలకి ఆరింటికే అన్నం వేళ అయినట్టు ఉంటుంది. అటుకుల మిక్చర్ అప్పుడు పనికొస్తుంది. గదిలోని కెటిల్‌లో నూడుల్స్ ఉడికించకండి దయచేసి, మీ తర్వాత వచ్చినవాళ్ళు అందులోనే టీ పెట్టుకుంటారు.

బారాటాంగ్ దీవికి వెళ్ళే రోజు కోసం ముందు రాత్రే పొట్లాలు కట్టుకోవాలి. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు గేటు దగ్గర మొదటి కాన్వాయ్, అంటే బళ్ళన్నీ కలిసి వరసగా వెళ్ళేది, ఆరింటికి కదులుతుంది. దానికోసం గదిలోంచి తెల్లవారుజామున మూడు, మూడున్నరకే బయల్దేరాలి, ఆ వేళకి ఏ హోటల్లోనూ టిఫిన్ ఉండదు. చపాతీలో కందిపొడి, నెయ్యి రాసి చుట్టినవి మనిషికి రెండు. గేటు దగ్గర ఆగినప్పుడే తినేయండి. తర్వాత దారి జారవా ఆదివాసుల రక్షిత ప్రాంతంలోంచి వెళ్తుంది. రోడ్డు మీద వాళ్ళు కనిపిస్తే బిస్కెట్ అయినా సరే అందించకూడదు, ఫోటో తీయకూడదు. 1956 నాటి ఆదివాసుల రక్షణ చట్టం కింద అది నేరం. పిల్లలకి బండి ఎక్కకముందే చెప్పి, తిండి సంచి డిక్కీలో పెట్టేయండి.

తిరుగు ప్రయాణంలో ఖాళీ అయిన డబ్బాల్లో గవ్వలు, పగడపు ముక్కలు నింపుకురావద్దు. బీచ్‌లో ఏరినవి పట్టుకెళ్ళనివ్వరు, ఎయిర్‌పోర్టు స్కానింగ్‌లో దొరికిపోతారు. మిగిలిన పొడులు కూడా మోసుకురావడం దండగ. హోటల్లో మనవాళ్ళెవరైనా పనిచేస్తుంటే అడిగి ఇచ్చేయండి, సంతోషంగా తీసుకుంటారు.