సాల్వెంట్ల దగ్గర డ్యూటీ పడితే

తమ్ముడూ, జీడిమెట్లలో మందుల ప్లాంట్ రియాక్టర్ల దగ్గర పన్నెండేళ్లు చేసినోణ్ణి, చెప్తున్నా. సాల్వెంటంటే సరుకుని కరిగించే ద్రవం. మొదటిరోజే దాని డ్రమ్ము మీది పేరు రాసుకో. ఎండీసీ అంటారు చూడు, మిథిలీన్ క్లోరైడ్, తియ్యటి వాసన. పీల్చినదాంట్లో కొంత ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది, రక్తం ఆక్సిజన్ మోయకుండా అడ్డం పడుతుంది. సాయంత్రం తలనొప్పి వస్తే ఎండ మీదికి నెట్టకు. నేను రెండేళ్లు అట్లాగే నెట్టి అమృతాంజనం సీసాలు ఖాళీ చేశా.

దుమ్ము మాస్క్ పౌడర్‌కే, ఆవిరిని ఆపదు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్, అంటే సాల్వెంట్ ఆవిరిని పీల్చుకునే డబ్బీ, ఉన్న మాస్క్ అడుగు. ఎండీసీకైతే అదీ తొందరగా నిండిపోతుంది, గొట్టంతో మంచి గాలొచ్చే మాస్కే కావాలి. గడ్డముంటే అంచు ముఖానికి అతకదు, గీసుకో. షిఫ్టయ్యాక మాస్కు మేకుకి తగిలించకు. కార్ట్రిడ్జ్ గాలిలోది పీలుస్తూనే ఉంటుంది, జిప్ కవర్లో పెట్టి మూసెయ్.

నైట్రైల్ రబ్బరు గ్లౌజులోంచి ఎండీసీ నిమిషాల్లో చర్మానికి చేరుతుంది. తడిస్తే వెంటనే తీసెయ్. గ్రీజు పోవాలని ఇంకో సాల్వెంట్ టాలూయిన్‌తో చేతులు కడగడం మనోళ్లకి పెద్ద రోగం. సబ్బు చాలదా?

కంట్లో పడితే 15 నిమిషాలు నీళ్లు కొట్టు. ట్యాంకులో ఎవరైనా పడిపోతే వెనకే దూకకు, గాలి సిలిండర్ సెట్టు ఉన్నోళ్లే దిగాలి.

సనత్‌నగర్ ఈఎస్‌ఐకి పోతే ఉత్త తలనొప్పని చెప్పి గోలీలు తెచ్చుకోకు. ఏ కెమికల్, రోజుకెన్ని గంటలు, ఎన్నేళ్ల నుంచి, అన్నీ చెప్పి చీటీలో రాయించు. ఫ్యాక్టరీలో చేసే టెస్టుల జిరాక్సులు కూడా ఒక ఫైల్లో పెట్టుకో. నా ఫైల్ని మా ఆవిడ బియ్యం డబ్బా వెనక దాచింది.